ముందు నీళ్ళ సంగతి చూడు తల్లీ

బుజ్జమ్మా,

నీ గోల్డ్‌ఫిష్ తోక మీద తెల్లచుక్కలు వచ్చాయనీ, అది గులకరాళ్ళకి ఒళ్ళు రాసుకుంటోందనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. నువ్వు అన్నం ముట్టకుండా తొట్టె ముందే కూర్చున్నావట. ముందు లేచి అన్నం తిను. అవి నిజంగా తెల్లచుక్కలే అయితే ఒక్క పూటలో కొంప మునిగిపోదు. చెయ్యాల్సింది చెయ్యడానికి నీకు వ్యవధి ఉంది.

నీ భయం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. మన వైపు ఇళ్ళలో ‘వైట్ స్పాట్’ అన్న మాట వింటే ఇప్పటికీ పెద్దవాళ్ళ గుండె జారుతుంది. 1994 తర్వాత ఆ జబ్బు రొయ్యల చెరువుల మీద పడి, ఎకరాలకెకరాలు ఊడ్చిపెట్టింది. ఆస్తులు తాకట్టు పెట్టి రొయ్యలు వేసినవాళ్ళు కోలుకోవడానికి ఏళ్ళు పట్టింది. అది వైరస్. దానికి మందు లేదు. కానీ ఆ వైరస్ రొయ్యలకీ పీతలకీ వస్తుందే తప్ప చేప జోలికి రాదు. నీ గోల్డ్‌ఫిష్ మీద చుక్కకీ దానికీ పేరొక్కటే చుట్టరికం. చేపకి వచ్చేది ఒక సన్నటి పరాన్నజీవి వల్ల వచ్చే జబ్బు. ఓపికగా పట్టుకుంటే నయమవుతుంది.

అలాగని మందు కొనడానికి బయల్దేరకు. ఒక శుభ్రమైన సీసా కడిగి, తొట్టెలో నీళ్ళు పట్టు. భీమవరం, ఉండి, ఆకివీడు చుట్టుపక్కల చేపల రైతులు ఏ మందుకైనా డబ్బు తియ్యబోయే ముందు చేసే పని ఇదే. సీసాలో చెరువు నీళ్ళు పట్టుకుని ఆక్వా ల్యాబ్‌కి వెళ్తారు. పీహెచ్, అమ్మోనియా, నైట్రైట్, క్షారత్వం, కాఠిన్యం చూపించుకుంటారు. ఆ కాగితం చేతికొచ్చాకే తక్కిన మాట. ఎకరం చెరువులో అయిదడుగుల నీరుంటే సుమారు 60 లక్షల లీటర్లు. దాని కింద నేల ఉంది, పైన ఎండా గాలీ ఉన్నాయి. ఒకపూట ఏదైనా తేడా వస్తే ఆ చెరువు తట్టుకుంటుంది. నీ రెండడుగుల తొట్టెలో ఉన్నవి యాభై లీటర్లలోపు. అందులో తేడా వస్తే సాయంత్రానికల్లా చేప మీద కనిపిస్తుంది. అక్వేరియం షాపులో చుక్కలు వేసి నీళ్ళు పరీక్షించే కిట్టు అడుగు. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా ఉండాలి. లేకపోతే నీ చేప జబ్బుకి సగం కారణం అక్కడే దొరికినట్టు.

ఎందుకో చెప్తాను, బాగా గుర్తుపెట్టుకో. చేప మొప్పల నుంచి అమ్మోనియా వదులుతుంది. మిగిలిపోయిన మేతా, రెట్టా కుళ్ళినా అదే పుడుతుంది. ఫిల్టర్ స్పాంజిలో ఉండే మంచి బాక్టీరియా దాన్ని మొదట నైట్రైట్‌గా, తర్వాత పెద్దగా హాని లేని నైట్రేట్‌గా మారుస్తుంది. కొత్త తొట్టెలో ఆ బాక్టీరియా ఉండదు. అది స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. నువ్వు దీపావళికి తొట్టె కొని, ఆ రోజే చేపల్ని వేసేశావు. షాపువాళ్ళు ఈ ముక్క చెప్పి ఉండరు. నీ తప్పేం లేదు. ఇకముందు మాత్రం రోజూ పాతిక శాతం నీళ్ళు మారుస్తూ ఆ చేపల్ని గట్టెక్కించాలి. బోరు నీళ్ళు వాడేట్టయితే ఇంకొంచెం జాగ్రత్త. డెల్టాలో చాలాచోట్ల ఆ నీళ్ళు క్షారంగా ఉంటాయి. పీహెచ్ 7 నుంచి 8కి పెరిగితే అదే అమ్మోనియాలో విషంగా పనిచేసే భాగం దాదాపు పది రెట్లవుతుంది. అందుకే కిట్టులో అంకె ఒకటే అయినా ఒకరి ఇంట్లో చేప బాగానే ఉంటుంది, ఇంకొకరి ఇంట్లో గిలగిల్లాడుతుంది.

మీ రాజమండ్రి కుళాయి నీళ్ళు గోదావరివే అయినా వాటిలో క్లోరిన్ ఉంటుంది. మనం తాగడానికి అది కావాలి, చేప మొప్పలకి మాత్రం అది మంట. బకెట్లో పట్టి, గాలి రాయి వేసి ఒక రోజంతా ఉంచు, పోతుంది. తొందరగా కావాలంటే క్లోరిన్‌ని విరిచే హైపో చుక్కలు వెయ్యి. వేసవిలో కాలువలు కట్టేశాక ఊళ్ళలో చెరువుల్లో నిలవ చేసిన నీళ్ళే సరఫరా చేస్తారు. ఆ రోజుల్లో బ్లీచింగ్ వాసన ఘాటుగా తగిలితే మరింత జాగ్రత్త పడు. ఇంకొకటి. వరద రోజుల్లో ఎర్రనీళ్ళు తేరడానికి మీ నానమ్మ బిందెలో పటిక తిప్పుతుంది కదా, ఆ నీళ్ళు తొట్టెలో పొయ్యకు. పటిక నీటి క్షారతని తినేసి పీహెచ్‌ని కిందికి లాగుతుంది.

ఇప్పుడు జబ్బు ఎలా పోల్చుకోవాలో చూద్దాం. నేను ఎవరి తొట్టె దగ్గర నిలబడినా ముందు అడిగే ప్రశ్న ఒకటే. అన్నీ ఒకేసారి డీలా పడ్డాయా, ఒకదాని తర్వాత ఒకటా? పొద్దున్న బాగున్న చేపలన్నీ సాయంత్రానికి నీటి పైకొచ్చి గుటకలు వేస్తుంటే అది నీళ్ళ దోషం. మందు వేస్తే ఇంకా నష్టం. సగం నీళ్ళు మార్చు, గాలి పంపు పెంచు. ముందు ఒకదానికి, రెండు మూడు రోజులకి ఇంకోదానికి వస్తే అది జబ్బు. చెరువు రైతులు తెల్లవారకముందే గట్టు మీద ఎందుకు నడుస్తారో తెలుసా? రాత్రంతా నీటిలో ప్రాణవాయువు ఖర్చయిపోయి, పొద్దు పొడవబోయే ముందు అన్నిటికన్నా తక్కువకి దిగుతుంది. చేపలు తేలితే అప్పుడే తేలతాయి. నువ్వు కూడా లేవగానే, లైటు వెయ్యకముందు, ఒక్క అయిదు నిమిషాలు తొట్టె ముందు నిలబడు. నీ తొట్టెలో మొక్కలున్నాయి కాబట్టి రాత్రిపూట అవి కూడా ప్రాణవాయువు పీల్చుకుంటాయి. పొద్దున్నే పైకి తేలి, తొమ్మిదింటికి మామూలైపోతే అది జబ్బు కాదు, గాలి చాలకపోవడం.

రెక్కలు ఒంటికి ముడుచుకుంటే చేపకి బాగోలేనట్టే. మొప్పలు గబగబా కొట్టుకోవడం, రాళ్ళకి ఒళ్ళు గీరుకోవడం, ఒక మూల తల వంచి నిలబడటం, మేత నోట్లోకి తీసుకుని ఉమ్మెయ్యడం, ఇవన్నీ చేప చెప్పే మాటలే. కానీ ఒక్క లక్షణం చూసి జబ్బు పేరు పెట్టెయ్యకు. గీరుకోవడం పరాన్నజీవి వల్ల కావచ్చు, అమ్మోనియా మంట వల్ల కూడా కావచ్చు. ఒంటి మీద నల్లమచ్చలు వస్తే చాలామంది హడలిపోతారు. గోల్డ్‌ఫిష్‌కి అమ్మోనియాతో కాలిన చోట మానుతున్నప్పుడు అలా నలుపు తేలుతుంది. దానికి మందు అక్కర్లేదు, నీళ్ళు బాగుంటే చాలు. ఇంకో సంగతి నీకు ఇప్పుడే ఉపయోగపడేది. తెల్లచుక్కలు మొప్ప డిప్పల మీదా, ముందు రెక్కల మొదటి ముల్లు మీదా మాత్రమే వరసగా ఉంటే, అది ఈడుకొచ్చిన మగ గోల్డ్‌ఫిష్ లక్షణం. జబ్బే కాదు. జబ్బు చుక్కలైతే తోక, వీపు, రెక్కలు అన్నిచోట్లా ఇష్టమొచ్చినట్టు ఉంటాయి. బొంబాయి రవ్వ గింజంత ఉంటాయి. నీ చేపకి తోక మీద ఉన్నాయనీ, ఒళ్ళు గీరుకుంటోందనీ మీ అమ్మ చెప్పింది. కార్తీకం చలి కూడా మొదలైంది. కాబట్టి అది నేను మొదట చెప్పిన పరాన్నజీవి జబ్బే, ఇక్ అంటారు, అదే అయివుంటుంది.

ఈ ఇక్ బతుకు తీరు తెలిస్తేనే వైద్యం అర్థమవుతుంది. చుక్కగా కనిపించేటప్పుడు ఆ జీవి చేప చర్మం లోపల ఉంటుంది. అక్కడికి ఏ మందూ వెళ్ళదు. బాగా తిని బలిశాక రాలి, అడుగున రాళ్ళకి అంటుకుంటుంది. అక్కడ చుట్టూ పొర కట్టుకుని, ఒక్కటి వందల పిల్లలవుతుంది. ఆ పిల్లలు పొర చీల్చుకుని ఈదుతూ బయల్దేరి, ఒకటి రెండు రోజుల్లో చేపని పట్టుకోవాలి, లేకపోతే చచ్చిపోతాయి. మందు పనిచేసేది ఆ ఈదే పిల్లల మీదే. మందు వేసిన రెండో రోజున చుక్కలు పెరిగాయని నువ్వు ఇంకో మందు వేస్తావేమోనని నా దిగులు. అవి నువ్వు మందు వెయ్యకముందే చర్మంలో దూరినవి. నీళ్ళు 25 డిగ్రీల దగ్గర ఉంటే ఈ చక్రం వారం లోపు తిరుగుతుంది. చలిలో ఇంకా నెమ్మదిస్తుంది. కాబట్టి చుక్కలు మాయమైనా సరే, మొత్తం రెండు వారాలు ఆపకూడదు. చుక్కలు పోయాయని నాలుగో రోజున ఆపేసినవాళ్ళ ఇంట్లోనే మళ్ళీ తిరగబెడుతుంది.

గోల్డ్‌ఫిష్‌కి నేను మొదట చెప్పేది కళ్ళుప్పే. తొట్టె కొలత సెంటీమీటర్లలో తీసుకో. పొడవు, వెడల్పు, నీటి ఎత్తు గుణించి, వెయ్యితో భాగించు, లీటర్లొస్తాయి. 60, 30, 30 అయితే 54 లీటర్లు. రాళ్ళు పోగా 45 అనుకో. లీటరుకి 3 గ్రాముల చొప్పున 135 గ్రాములు. ఒకేసారి వెయ్యకు. 45 గ్రాములు మగ్గులో పూర్తిగా కరిగించి పొయ్యి. మళ్ళీ పన్నెండు గంటలకి ఇంకో 45, ఇంకో పన్నెండు గంటలకి మిగిలింది. వంటింట్లో త్రాసుతో తూచు, చెంచాల లెక్క వద్దు. నీళ్ళు ఆవిరైతే ఉప్పు పోదు. తగ్గిన మేర మామూలు నీళ్ళు పోస్తే చాలు. పది లీటర్లు తీసి కొత్తవి పోస్తేనే దానికి 30 గ్రాములు కలపాలి. మొక్కలు ముందే తీసి వేరే బకెట్లో పెట్టు, అవి ఉప్పుకి తట్టుకోవు. రోజూ పైపుతో అడుగు రాళ్ళ మధ్య చెత్త లాగెయ్యి. రాలిన ఇక్ పొరలు అక్కడే ఉంటాయి. అలా లాగెయ్యడం కూడా వైద్యంలో సగం. ఉప్పుకి ఇంకో మంచి గుణం ఉంది. నైట్రైట్ మొప్పల గుండా రక్తంలోకి చేరకుండా అడ్డుపడుతుంది.

హీటరుతో నీళ్ళు వెచ్చ చేస్తే చక్రం తొందరగా తిరిగి జబ్బు త్వరగా తేలుతుంది. గోల్డ్‌ఫిష్ చల్లనీటి చేప కాబట్టి రోజుకి ఒక డిగ్రీ చొప్పున 28 దాకా పెంచు, అంతకు మించొద్దు. వేడి పెరిగితే నీటిలో ప్రాణవాయువు తగ్గుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరులో 9 మిల్లీగ్రాములు పట్టే నీరు 30 దగ్గర ఏడున్నరే పడుతుంది. గాలి రాయి ఇంకోటి పెట్టు. కరెంటు పోయినప్పుడు బ్యాటరీ పంపు చేతికందేట్టు ఉంచుకో. నాలుగైదు రోజులకి చుక్కలు తగ్గకపోతే అప్పుడు షాపులో తెల్లచుక్కల మందు తెచ్చుకో. ఫిల్టర్లో బొగ్గు ఉంటే ముందు తీసెయ్యి, అది మందుని లాగేస్తుంది. ఆ మందుల్లో చాలావాటిలో మాలకైట్ గ్రీన్ ఉంటుంది. తినే చేపలకి వాడకూడదని దాన్ని నిషేధించారు. చేతికి తొడుగు వేసుకో. ఆ నీళ్ళు పెరటి మడిలో పొయ్యొద్దు.

వేడి పెంచేముందు మాత్రం ఇంకోసారి చేపని చూడమ్మా. నోటి చుట్టూ దూదిలాంటి తెలుపు పట్టినా, వీపు మీద జీను వేసినట్టు పాలిపోయిన మచ్చ కనిపించినా హీటరు ఆపెయ్యి. చూడటానికి అది బూజులా ఉంటుంది కానీ కాలమ్నారిస్ అనే బాక్టీరియా. వేడి తగిలితే రెచ్చిపోతుంది, ఒకటి రెండు రోజుల్లో ప్రాణం తీస్తుంది. ఒక జబ్బుకి చేసే మేలు ఇంకో జబ్బుకి కీడవుతుంది. అందుకే పోల్చుకోకుండా చెయ్యి పెట్టొద్దని ఇంతగా చెప్తున్నాను.

ఆ పోల్చుకోవడంలో ఎంత పెద్దవాళ్ళయినా తికమక పడ్డారు. 1988లో ఈశాన్య రాష్ట్రాల వైపు నుంచి మన దేశంలోకి ఎర్రమచ్చల వ్యాధి వచ్చింది. తర్వాత మన నీళ్ళలోకీ దిగింది. చలికాలం వస్తే కొర్రమీను ఒంటి మీద ఎర్రమచ్చలు లేచి, పుండ్లై, కండ ఊడేది. మార్కెట్లో ఎవరూ ఆ చేపని ముట్టుకునేవాళ్ళు కాదు. పుండు గీరి చూస్తే బాక్టీరియా కనిపించేది కాబట్టి కొందరు అదే కారణమన్నారు. కొందరు వైరస్ అన్నారు. ఏళ్ళు గడిచాక శాస్త్రవేత్తలు అసలు మూలం అఫనోమైసిస్ ఇన్వడాన్స్ అనే నీటి బూజు జాతి జీవి అని తేల్చారు. బాక్టీరియా తెరుచుకున్న పుండులోకి తర్వాత చేరింది. భువనేశ్వర్‌లోని కేంద్ర మంచినీటి చేపల పరిశోధన సంస్థ దీనికోసం సిఫాక్స్ అనే మందు తయారుచేసింది. నీ తొట్టెలో కూడా రెక్క చివర తెల్లటి దూదిపింజ కనిపిస్తే, బూజు మందు వేసి ఊరుకోకు. ఆ బూజు దెబ్బ తగిలిన చోటే పడుతుంది. ఇంకో చేప కొరికిందా, రాయి కోసుకుందా, నీళ్ళు కాల్చాయా, అది కనుక్కో.

మన వైపు ఆక్వా మందుల షాపులు చాలా ఉన్నాయి కదా అని అక్కడికి మాత్రం వెళ్ళకు. అక్కడి సీసాలు ఎకరాల లెక్కన తయారైనవి. బొచ్చె, శీలావతి చేపలకి పట్టే పేను, అదే ఆర్గులస్, దాన్ని చంపడానికి సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ లాంటి పురుగుమందులు వాడతారు. ఒక్క చుక్క ఎక్కువైతే నీ తొట్టె మొత్తం పోతుంది. నీ చేపకి పేను పడితే, అది పల్చటి బిళ్ళలా అంటుకుని అటూ ఇటూ జరుగుతూ కళ్ళకి కనిపిస్తుంది. తడి గుడ్డలో చేపని మెత్తగా పట్టుకుని చిన్న పట్టకారుతో తియ్యొచ్చు. చెరువులోంచి నాచూ, మొక్కలూ తెచ్చి తొట్టెలో వేస్తే వాటితో వచ్చేది ఇదే.

మందుల షాపులో యాంటీబయోటిక్ గొట్టం మాత్రలు కొని విప్పి పొయ్యడం కూడా వద్దు. టెట్రాసైక్లిన్ మన గట్టినీళ్ళలో కాల్షియంతో కలిసిపోయి సగానికి సగం పని చెయ్యదు. పనిచేసినంత మేరా ఫిల్టర్లో మంచి బాక్టీరియాకి కూడా దెబ్బే. విచ్చలవిడి మందుల వల్ల ఎంత చిక్కు వస్తుందో రొయ్యల రైతులకి తెలుసు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్‌ల జాడ తేలితే విదేశాలకి పంపిన సరుకు వెనక్కి వచ్చేస్తుంది. నిజంగా బాక్టీరియా జబ్బు అనిపిస్తే చేపని బతికుండగానే, గాలి నింపిన కవర్లో, ఆక్వా ల్యాబ్‌కి తీసుకురా. మొప్ప ముక్కా, ఒంటి జిగురూ సూక్ష్మదర్శిని కింద చూస్తే ఊహలతో పనుండదు. చచ్చిన చేపని తెస్తే లాభం లేదు. కాసేపటికే అది పాడవుతుంది, పరాన్నజీవులు దాన్ని వదిలేస్తాయి. ఉండిలో మత్స్య పరిశోధన స్థానం ఉంది, కాకినాడలో రాష్ట్ర మత్స్య సాంకేతిక సంస్థ ఉంది. అడగడానికి మొహమాటపడకు.

కడుపు ఉబ్బి, పొలుసులన్నీ నిక్కబొడుచుకుంటే అది డ్రాప్సీ. లోపల మూత్రపిండాలు దెబ్బతిన్నాక కనిపించే రూపం అది. అక్కడి దాకా వచ్చిన చేప బతకడం అరుదు, నీకు అబద్ధం చెప్పను. వెల్లకిలా పడి బాధపడుతూ రోజులు లెక్కబెట్టే చేపకి లవంగనూనె దయ చూపిస్తుంది. లీటరుకి అర మిల్లీలీటరు దాకా, కొంచెం గోరువెచ్చని నీళ్ళలో బాగా గిలకొట్టి కలపాలి. మొదట మత్తు, తర్వాత మొప్పలు ఆగుతాయి. ఆగాక ఇంకో పది నిమిషాలు అందులోనే ఉంచు. ఆ పని నీ వల్ల కాకపోతే నన్ను పిలువు. నేను వస్తాను. బతికున్న చేపని మాత్రం, జబ్బుదైనా మంచిదైనా, కాలువలోనో గోదావరిలోనో వదలకు. తొట్టె అద్దం కడిగే చేప అని కొనుక్కుని పెద్దదయ్యాక జనం వదిలేసిన సక్కర్ చేపే ఇవాళ మన చెరువుల్లో దెయ్యం చేపై వలలు చింపుతోంది. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీటిలో దాని డీఎన్‌ఏ జాడ పట్టి, ఎక్కడెక్కడికి పాకిందో వెతుకుతున్నారు.

ఈ గండం గడిచాక కొత్త చేప కొంటావు, నాకు తెలుసు. మన షాపులకి వచ్చే చేపలు చాలావరకు చెన్నై కొళత్తూరు నుంచో, కోల్‌కతా నుంచో కవర్లలో ఊగుతూ వచ్చి అలిసిపోయినవే. మూడు వారాలు వేరే టబ్బులో ఉంచి చూసుకుని అప్పుడు కలుపు. కవర్లో నీళ్ళు తొట్టెలో పొయ్యొద్దు. ఫిల్టర్ స్పాంజి కుళాయి కింద కడగొద్దు, తీసిన తొట్టె నీళ్ళలోనే పిండు. చేతికి గాయం ఉన్నప్పుడు తొట్టెలో చెయ్యి పెట్టకమ్మా. చేపకి వచ్చే క్షయ జాతి సూక్ష్మజీవి మనిషి చర్మానికి కూడా అంటుతుంది.

ఇప్పుడు చెయ్యాల్సింది ఇది. సీసా నీళ్ళు తీసి ఫ్రిజ్‌లో పెట్టు, రేపు మీ నాన్న ఇటు వచ్చేటప్పుడు పంపించు, ల్యాబ్‌లో నేను చూపిస్తాను. ఈ రాత్రికి పాతిక శాతం నీళ్ళు మార్చు, మొదటి 45 గ్రాముల ఉప్పు కరిగించి పొయ్యి, మేత మానెయ్యి. గోల్డ్‌ఫిష్ రెండు మూడు రోజులు తినకపోయినా ఏం కాదు. పొద్దున లేవగానే లైటు వెయ్యకుండా దాని మొప్పలు నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటున్నాయో లెక్కబెట్టి రాసుకో. పక్కనున్న రెండో చేపవి కూడా లెక్కబెట్టు. ఆ రెండు అంకెలూ చెప్పడానికి నాకు ఎంత పొద్దున్నే అయినా ఫోన్ చెయ్యి. ఫొటో పంపొద్దు, కదులుతుండగా వీడియో తియ్యి.

మీ తాతయ్య